కవిత వినే ముందు కాసేపు నడుద్దాం

(శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఒక తెలుగు సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం అండీ.

ఏప్రిల్ చివరికొచ్చాం. ఈ దేశంలో 1996 నుంచి ఏప్రిల్‌ని కవిత్వ మాసంగా జరుపుకుంటున్నారు. ఊరూరా లైబ్రరీల్లో, కాఫీ షాపుల్లో, పుస్తకాల కొట్లలో ఎవరో ఒకరు నిలబడి కవితలు చదువుతూనే ఉన్నారు. ఇంకొద్ది రోజుల్లో మే మొదటి శనివారం వస్తుంది. అది ప్రపంచ లాబిరింత్ దినం. లాబిరింత్ అంటే నేల మీద వలయాలుగా మెలికలు తిరిగే నడకదారి. ఎవరి ఊళ్ళో వాళ్ళు, అక్కడి గడియారంలో మధ్యాహ్నం ఒంటిగంట కాగానే, దగ్గర్లో ఉన్న లాబిరింత్‌లో నడక మొదలుపెడతారు. ఆ నడక గంటగంటకీ పడమటికి జరుగుతూ మన కాలిఫోర్నియా దాకా వస్తుంది. ఈ రెండిటి గురించీ కలిపి మాట్లాడతానని నేనే నిర్వాహకులని అడిగాను. లాబిరింత్‌లో నడవడం, నలుగురి మధ్య కూర్చుని కవిత వినడం, రెండూ మనిషిని ఒకే రకంగా సిద్ధం చేస్తాయని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలు మీ ముందు పెడతాను.

ముందు ఒక అనుమానం తీర్చాలి. లాబిరింత్ అనగానే దారి తప్పే చోటు గుర్తొస్తుంది. మీలో లక్నో బడా ఇమాంబాడా చూసినవాళ్ళు ఉండే ఉంటారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, కరువు రోజుల్లో జనానికి పని కల్పించాలని నవాబు ఆసఫుద్దౌలా కట్టించిన భవనం అది. దాని పై భాగంలో భూల్‌భులయ్యా ఉంది. ఎటు చూసినా ఒకేలాంటి గుమ్మాలు, సన్నటి సందులు. గైడు తోడు లేకపోతే తిరిగిన చోటే తిరగాలి. అది చిక్కుదారి. లండన్ దగ్గర హాంప్టన్ కోర్టు రాజభవనంలో పొదలతో పెంచినది కూడా అదే జాతి.

నేను చెప్పబోయే లాబిరింత్‌లో దారి ఒక్కటే. ఎక్కడా చీలదు, ఎక్కడా మూసుకుపోదు. చాలాచోట్ల గోడలు కూడా ఉండవు. నేల మీద గీతలుంటాయి, లేదంటే వరసగా పేర్చిన రాళ్ళుంటాయి. మధ్యలో చేరాల్సిన చోటు మొదటి అడుగు దగ్గర్నుంచీ కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది. దారి వెంట పోతే అక్కడికి చేరతాం, కాసేపు ఆగుతాం, వచ్చిన దారినే బయటికొస్తాం. తప్పిపోదామన్నా కుదరదు.

అలాంటప్పుడు అన్ని మెలికలు దేనికి? ఈ ప్రశ్న దగ్గరే నాకు ఆసక్తి పుట్టింది.

ముగ్గు చెయ్యి తిరిగినవాళ్ళు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. ఈ లాబిరింత్ బొమ్మ గీయడం వాళ్ళకి రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది, బోర్డు మీద చూడండి. మొదట ఒక కూడిక గుర్తు. దాని నాలుగు గడుల్లో నాలుగు మూలమట్టాలు, వాటి మూల కూడిక గుర్తు వైపు తిరిగి ఉండాలి. వాటికి బయట నాలుగు చుక్కలు. ఇప్పుడు కూడిక గుర్తు పై కొస నుంచి కుడిపక్క మూలమట్టం పై కొసకి ఒక వంపు గీత. తర్వాత ఎడమపక్క మూలమట్టం పై కొస నుంచి, ఈ వంపుని దాటిస్తూ, కుడిపక్క చుక్కకి ఇంకో వంపు. ఆ తర్వాత ఎడమ చుక్క నుంచి కుడిపక్క వచ్చే తర్వాతి కొసకి. అలా ఒకదాని మీదుగా ఒకటి ఎనిమిది వంపులు వేస్తే పదహారు కొసలూ జతలైపోతాయి. ఎనిమిది గీతల మధ్య ఏడు వలయాల దారి మిగులుతుంది. మన మెలికల ముగ్గు వేసిన చేతికి ఇందులో కొత్తేమీ లేదు.

ఈ బొమ్మ ఎంత పాతదో చూడండి. గ్రీసులో పైలోస్ అనే చోట ఒక రాజభవనం తగలబడిపోయినప్పుడు ఆ మంటల్లో కాలి గట్టిపడిన మట్టి పలకలు దొరికాయి. సుమారు 3200 ఏళ్ళ కిందటివి. వాటిలో ఒక పలక మీద ఒకవైపు మేకల లెక్క ఉంది. రెండో వైపు ఇదే ఏడు వలయాల బొమ్మ, కాస్త చదరంగా గీసి ఉంది. లెక్క రాసిన గుమాస్తా చెయ్యి ఊరుకోక గీసి ఉంటాడని నాకనిపిస్తుంది. క్రీటు దీవిలో నోసస్ నగరం తన నాణేల మీద దీన్ని ముద్రించుకుంది. గోవాలో కుశావతి నది ఒడ్డున రాతి మీద చెక్కిన బొమ్మల్లో లాబిరింత్ కూడా ఉంది. హళేబీడు హొయసళేశ్వరాలయం గోడ మీద అభిమన్యుడి యుద్ధం చెక్కిన శిల్పి చక్రవ్యూహాన్ని వలయాలుగా చూపించాడు.

అభిమన్యుడి పేరు ఎత్తాను కాబట్టి ఒక మాట. లోపలికి పోవడం తెలిసి బయటికి రావడం తెలియని కుర్రాడి కథ మనందరికీ చిన్నప్పుడే గుండెల్లో దిగబడిపోయింది. తిక్కన ద్రోణపర్వం చదివినవాళ్ళకి మరీను. అందుకే వలయం లోపల వలయం చూడగానే మనకి ముందు భయమే కలుగుతుంది. మా అమ్మ మొదటిసారి లాబిరింత్ చూసినప్పుడు కూడా, "ఇందులోకి వెళ్తే రాగలనా?" అనే అడిగింది. అడుగుపెట్టి, మూడు మలుపులు తిరిగాక ఆ భయం పోయింది. సైంధవుడు లేని వ్యూహం ఇది. లోపలికి పోయే దారే బయటికొచ్చే దారి కూడా.

మెలికల సంగతికొస్తాను. ఏడు వలయాల లాబిరింత్‌లో బయటి అంచు నుంచి లెక్కపెడితే, అడుగుపెట్టగానే మీరు మొదటి వలయంలోకి వెళ్ళరు, మూడోదాంట్లోకి వెళ్తారు. అక్కణ్ణుంచి రెండు, తర్వాత ఒకటి. లోపలికి బయల్దేరిన మనిషి అంచుకొచ్చేశాడన్నమాట. తర్వాత నాలుగో వలయం. నాలుగు నుంచి ఒక్కసారిగా ఏడోదాంట్లోకి, మధ్య చోటు చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి. చేరిపోయాం అనుకునేలోపు దారి ఆరుకి, అక్కణ్ణుంచి ఐదుకి తోసేస్తుంది. ఇంకా ఎంత తిరగాలో అనుకుంటుండగా ఐదో వలయం చివర మలుపు తిరగ్గానే మధ్యలో ఉంటారు. గమ్యం కనిపిస్తూనే ఉంటుంది, ఎంత దూరం మిగిలిందో మాత్రం కాళ్ళకి తెలియదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కవిత్వం దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

ఫ్రాన్సులో షార్త్ర్ కెథెడ్రల్ నేల మీద పదమూడో శతాబ్దం తొలినాళ్ళలో పరిచిన రాతి లాబిరింత్‌లో ఈ ఆట ఇంకా పెద్దది. అడ్డంగా కొలిస్తే దాదాపు 13 మీటర్లు. అందులో మడతలు పెట్టిన దారి పొడవు 260 మీటర్లకి పైనే. పదకొండు వలయాలు. మొదట్లోనే మధ్యకి బాగా దగ్గరగా తీసుకెళ్ళి, తర్వాత మెల్లగా బయటి అంచులకి తెచ్చి, చివరికి అన్నిటికంటే బయట ఉన్న వలయం నుంచి రెండు మలుపుల్లో లోపలికి చేరుస్తుంది. అన్నిటికంటే దూరంగా ఉన్నామని అనిపించిన క్షణంలో నిజానికి చేరడానికి చాలా దగ్గరలో ఉంటాం. మధ్యలో ఒకప్పుడు లోహపు పలక ఉండేది. ఫ్రెంచి విప్లవ కాలంలో 1792లో దాన్ని తీసేశారు. ఇప్పటికీ ఏడాదిలో చాలా రోజులు దాని మీద కుర్చీలు వేసే ఉంటాయి. వేసవి నెలల్లో శుక్రవారాలు కుర్చీలు తీసి నడవనిస్తారు.

మన ఊరికి దీన్ని తెచ్చింది లారెన్ ఆర్ట్రెస్. శాన్‌ఫ్రాన్సిస్కో నాబ్ హిల్ మీద గ్రేస్ కెథెడ్రల్‌లో అప్పట్లో మతాచార్యురాలు. 1991లో ఆవిడ షార్త్ర్ వెళ్ళి, ఆ కుర్చీలు పక్కకి జరిపి నడిచారు. అదే ఏడాది చివర్లో ఆ నమూనాని కాన్వాసు గుడ్డ మీద గీయించి గ్రేస్ కెథెడ్రల్‌లో పరిచారు. ఇవాళ అక్కడ లోపల సున్నపురాతిలో పొదిగినది ఒకటి, బయట ఆరుబయట ఇంకొకటి ఉన్నాయి. కొన్ని సాయంత్రాలు కొవ్వొత్తుల వెలుగులో, సంగీతంతో నడిపిస్తారు. అమెరికాలో ఆసుపత్రుల ఆవరణల్లో, పార్కుల్లో, కాలేజీల్లో లాబిరింత్‌లు వెలియడానికి ఆ గుడ్డ ముక్క చాలా పెద్ద కారణం.

చర్చిలో నడవడం ఏమిటని ఇబ్బంది పడేవాళ్ళు ఉంటే, ఓక్లాండ్ కొండల మీద సిబ్లీ పార్కుకి వెళ్ళండి. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం అది. పాత కంకర క్వారీ గుంటలో రాళ్ళు పేర్చి చేసిన లాబిరింత్ ఉంది. పైన గట్టు మీద నుంచి చూస్తే ముగ్గులానే కనిపిస్తుంది. దిగి నడిస్తే మధ్యలో ఎవరెవరో వదిలి వెళ్ళిన గవ్వలు, పూలు, ఉత్తరాలు ఉంటాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ల్యాండ్స్ ఎండ్ దగ్గర, సముద్రం మీదికి పొడుచుకొచ్చిన గట్టు మీద, ఎదువార్దో అగిలేరా అనే కళాకారుడు 2004లో రాళ్ళతో ఒకటి పేర్చాడు. దాన్ని ఎవరో చెల్లాచెదురు చేయడం, ఆయనా తోటివాళ్ళూ మళ్ళీ పేర్చడం ఎన్నోసార్లు జరిగింది. అటు వెళ్ళేముందు రాళ్ళు ఉన్నాయో లేదో కనుక్కుని వెళ్ళండి. లేకపోయినా నష్టం లేదు. ఇందాక నేర్చుకున్నారుగా, ఇంటి ముందు సుద్దముక్కతో గీసుకోవచ్చు.

మా అమ్మ నడిచిన తర్వాత ఒక మాట అంది. "గుళ్ళో ప్రదక్షిణ చేస్తే దేవుడు ఎప్పుడూ కుడిచేతి వైపే ఉంటాడు. ఇక్కడ ఒకసారి కుడి, ఒకసారి ఎడమ." ఇంత చిన్న పరిశీలన నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నిజంగానే ప్రతి వలయానికీ దిశ మారుతుంది. అలవాటు పడ్డ చెయ్యి, అలవాటు పడ్డ మెడ ఊరికే ఉండలేవు. ఒంట్లో ఏదో కొంచెం కొంచెంగా వదులవుతుంది. ఇంకోటి కూడా ఉంది. లోపలికి పోయేవాళ్ళూ బయటికొచ్చేవాళ్ళూ అదే దారిలో ఎదురవుతారు. ఒకరు పక్కకి ఒరగాలి, ఒకరు దాటాలి. ఒక్క మాట లేకుండా ఇద్దరు అపరిచితులు ఒకరికొకరు చోటిచ్చుకోవడం ఈ దేశంలో నేను చూసిన అందమైన దృశ్యాల్లో ఒకటి. ఇందాక పక్క వలయంలో భుజం భుజం తగిలేంత దగ్గరగా నడిచిన మనిషి, రెండు మలుపులు తిరిగేసరికి ఆ కొసన ఉంటాడు. అతను ముందున్నాడో వెనకున్నాడో చెప్పలేం. పోటీ అన్నది అక్కడ పొసగదు.

ఇక కవిత్వం.

పుస్తకంలో కవిత చదివేటప్పుడు కంటికి చాలా స్వేచ్ఛ ఉంటుంది. పేజీ తిప్పగానే కవిత ఎంత పొడుగో తెలిసిపోతుంది. చివరి పంక్తి మీద చూపు ముందే పడిపోతుంది. నచ్చకపోతే దూకేస్తాం. మరొకరి నోటి నుంచి వినేటప్పుడు ఈ స్వేచ్ఛలేవీ లేవు. దారి ఒక్కటే, అది చదివే మనిషి ఊపిరి వేసిన దారి. ఎంత మిగిలిందో తెలియదు. ముందుకి పరిగెత్తలేం, ఆగలేం, అడ్డదారి లేదు. చాలామందికి సభలో కవిత వినడం కష్టంగా ఉండటానికి కారణం ఇదేనని నా అభిప్రాయం. వాళ్ళకి కవిత్వం అర్థం కాక కాదు. వేగం మన చేతిలో లేనప్పుడు ఎలా ఉండాలో మనం మర్చిపోయాం. ఫోన్ మీద బొటనవేలు ఆడించడం అలవాటైన మనకి, ఇంకొకరి ఊపిరి వెంట ఐదు నిమిషాలు నడవడం నేర్చుకోవాల్సిన విద్య అయింది. ఆ విద్యని కాళ్ళతో నేర్చుకోవచ్చని లాబిరింత్ నాకు చూపించింది.

మా ఊరి లైబ్రరీలో నెలకోసారి కవితా పఠనం జరుగుతుంది. వేసిన కుర్చీల్లో సగం నిండితే గొప్ప. తలుపు దగ్గర ఒక కాగితం ఉంటుంది, చదవదలుచుకున్నవాళ్ళు పేరు రాస్తారు. ముందు ఒక అతిథి కవి కాసేపు చదువుతారు. తర్వాత కాగితం మీద వరస ప్రకారం ఊళ్ళోవాళ్ళు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. రిటైరైన నర్సు చదువుతుంది, హైస్కూలు కుర్రాడు చదువుతాడు, బస్సు నడిపే ఆయన యూనిఫాంలోనే వచ్చి చదివి వెళ్తాడు.

ఒక సాయంత్రం ఒక పెద్దావిడ పెరట్లో నిమ్మచెట్టు మీద కవిత చదివింది. కాయలు కోయడం, తొక్క తురమడం, సీసాల్లో పెట్టి ఇరుగుపొరుగుకి పంచడం. వింటూ ఇదేదో వంటల కవిత అనుకున్నాను. పంచదార ఎంత, పాకం ఎలా అని ఇంకా ఇంకా దూరంగా వెళ్ళిపోతోంది. ఉన్నట్టుండి ఒక పంక్తి: ఈ ఏడు నిచ్చెన నేనే వేసుకున్నాను. అంతే. ఆ చెట్టు నాటిన మనిషి, నిచ్చెన వేసి పట్టుకునే మనిషి ఇప్పుడు లేడని ఆవిడ చెప్పనే లేదు. హాల్లో అందరికీ ఒకేసారి తెలిసింది. ఇందాక చెప్పిన షార్త్ర్ దారి ఇదేనండీ. అన్నిటికంటే బయటి వలయంలో, పంచదార పాకం దగ్గర తిరుగుతున్నామనుకుంటుండగా రెండు మలుపుల్లో మధ్యలో ఉన్నాం. అదే కవిత కాగితం మీద ఉంటే నా కన్ను ఆ నిచ్చెన మీద ముందే పడి ఉండేది. ఆ దూరం నడిచే భాగ్యం నాకు దక్కేది కాదు.

మన బే ఏరియా గాలిలోనే ఈ వినే సంప్రదాయం ఉంది. 1955 అక్టోబరు 7న ఫిల్‌మోర్ వీధిలో సిక్స్ గ్యాలరీలో ఐదుగురు కవులు చదివారు. ఒకప్పుడు కార్లు బాగుచేసే షెడ్డు అది. టికెట్టు లేదు. పోస్టుకార్డులు పంచి పిలిచారు, వైన్‌కీ ఆ కార్డులకీ మాత్రం చిన్న చందా అడిగారు. కెన్నెత్ రెక్స్‌రాత్ సభ నడిపించారు. అలెన్ గిన్స్‌బర్గ్ అప్పటికింకా పూర్తికాని 'హౌల్' కవితలో మొదటి భాగం ఆ రాత్రే చదివాడు. మరుసటి ఏడాది సిటీ లైట్స్ వాళ్ళు దాన్ని పుస్తకంగా వేశారు. ఇదంతా అమెరికన్ సాహిత్య చరిత్రలో అందరూ చెప్పేదే. నా మనసుని పట్టుకున్నవి వేరే రెండు సంగతులు. ఒకటి, ఆ ఐదుగురిలో ఒకరైన ఫిలిప్ లమాంటియా ఆ రోజు తన కవితలు చదవలేదు. చనిపోయిన స్నేహితుడు జాన్ హాఫ్‌మన్ రాసినవి చదివాడు. రెండోది, జాక్ కెరువాక్ అక్కడే ఉండి కూడా చదవలేదు. వైన్‌కి డబ్బులు పోగేసి, జాడీలు తెప్పించి, పంక్తి పంక్తికీ "గో, గో" అని అరుస్తూ కూర్చున్నాడు. అంతటి రచయిత ఆ రాత్రి శ్రోతగా ఉన్నాడు. ఆ అరుపుల ఊతం లేకపోతే గిన్స్‌బర్గ్ గొంతు అంత ఎత్తుకి లేచేదా అని నాకు సందేహం.

ఆ అరుపు మనకి కొత్తా? బుర్రకథలో తందాన తాన ఉంది. కథ చెప్పే అమ్మమ్మకి ఊఁ కొట్టకపోతే కథ ఆగిపోతుంది. మా లైబ్రరీలో మంచి పంక్తి పడ్డప్పుడు శ్రోతల గొంతుల్లోంచి సన్నగా వచ్చే "మ్" విన్న ప్రతిసారీ నాకు ఆ ఊఁ గుర్తొస్తుంది.

ఇంతకుముందు వినేవాడికి వెనక్కి వెళ్ళే వీలు లేదన్నాను. మన పెద్దవాళ్ళు దానికీ ఉపాయం కనిపెట్టారు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆడుతుంటే రాయబారం పద్యానికి జనం "వన్స్ మోర్" అని అరిచేవారు. నటుడు కథని అక్కడే ఆపి, రాగం ఇంకొంచెం సాగదీసి, అదే పద్యం మళ్ళీ పాడేవాడు. హైదరాబాదు ముషాయిరాలో, అంటే ఉర్దూ కవుల సభలో, "ముకర్రర్" అంటే అదే. షాయరు మొదటి పంక్తిని తనంతట తానే రెండుసార్లు చదువుతాడు. రెండో పంక్తి ఎటు తిరుగుతుందా అని సభంతా కాచుకుని ఉంటుంది. తిరగ్గానే వాహ్‌వా. పాతకాలం ముషాయిరాల్లో ఎవరి వంతు వస్తే వాళ్ళ ముందుకి దీపం జరిపేవారు. చుట్టూ ఉన్న చీకట్లో ఆ ఒక్క ముఖం, ఆ ఒక్క గొంతు. లాబిరింత్‌లో కూడా ఒకే చోటు పక్కనుంచి ఎన్నోసార్లు వెళ్తాం. ప్రతిసారీ వేరే వలయంలో ఉంటాం కాబట్టి అది వేరేగా కనిపిస్తుంది. రెండోసారి విన్న పద్యమూ అంతే.

అవధానం సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగానికి లోటే. తిరుపతి వెంకట కవులు అందులోనూ సిద్ధహస్తులు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే అవధానిని ప్రశ్నలతో పరీక్షించేవాళ్ళు. సమస్య ఇచ్చినవారికీ, దత్తపది ఇచ్చినవారికీ, వర్ణన అడిగినవారికీ మొదటి ఆవృత్తిలో ఒక్కొక్క పాదమే దక్కుతుంది. అవధాని వరసగా అందరి దగ్గరా తిరిగి, మధ్యలో అప్రస్తుత ప్రసంగం వేసే అడ్డుపుల్లలు దాటి, మళ్ళీ మొదటివారి దగ్గరికొచ్చి రెండో పాదం ఇస్తారు. అలా నాలుగు చుట్లు. చివర ధారణలో అన్ని పద్యాలూ మొదటి నుంచి చివరి దాకా అప్పజెప్తారు. శ్రోత ఏం చేయాలి? సగంలో ఆగిన పద్యాల్ని ఒకటి కాదు, నాలుగు తలలో పట్టుకుని కూర్చోవాలి. నాలుగో చుట్టులో ఏ పాదంతో ఏది ముడిపడుతుందో చూడాలి. అలాంటి శ్రోతల్ని తయారుచేసుకున్న భాష మనది. వినడంలో మనం ఎవరి దగ్గరా మొదటి పాఠం నేర్చుకోనక్కర్లేదు. ఉన్న విద్యని పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

పోగొట్టుకుంటున్నామా అంటే, అవుననే నాకు బాధగా ఉంది. ఇక్కడా అక్కడా చాలా తెలుగు కవిసమ్మేళనాల్లో కూర్చున్నాను. ఫలానా సభ అని వేలు పెట్టి చూపించను. జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షుల తొలిపలుకులు, అతిథుల పరిచయాలు, శాలువాలు, ఫొటోలు. అసలు కవిత్వం మొదలయ్యేసరికి సమయం మించిపోయిందని కవులకి చీటీలు అందుతాయి. రెండు నిమిషాల్లో ముగించమంటారు. చదివినవాళ్ళు దిగి, తర్వాతి కవి మొదటి పంక్తి అందుకుంటుండగానే బయటికి నడుస్తారు. చివరి కవికి మిగిలేది కుర్చీలు. ముప్ఫై మంది కవులు వచ్చిన సభలో ఒక్క శ్రోత కూడా లేకపోవడం చూశాను. అక్కడ చదివిన వాటిల్లో మంచి కవితలు ఉన్నాయండీ, నిజంగా మంచివి. వాటికి నడిచే మనుషులు దొరకలేదు.

బర్క్లీ యూనివర్సిటీలో మారిసన్ లైబ్రరీ అనే పాతకాలపు చదువుల గది ఉంది. సెమిస్టరు నడిచే నెలల్లో మొదటి గురువారం మధ్యాహ్నం అక్కడ కవితలు చదువుతారు. కవి రాబర్ట్ హాస్ మొదలుపెట్టిన కార్యక్రమం, పేరు లంచ్ పొయమ్స్. భోజనం వేళ కాబట్టి అందరికీ తొందరే. అయినా పరిచయం క్లుప్తంగా అవుతుంది, తర్వాత కవిత. మెత్తటి సోఫాల్లో విద్యార్థులు, పక్కనే పెద్దవాళ్ళు. వీలున్నవాళ్ళు ఒకసారి వెళ్ళి చూడండి. సభ ఎంత తేలిగ్గా ఉండొచ్చో కళ్ళారా తెలుస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో 1954లో పెట్టిన పొయెట్రీ సెంటర్ కూడా ఉంది. దశాబ్దాలుగా అక్కడ చదివిన కవుల గొంతుల్ని రికార్డు చేసి దాచారు. మన కవుల గొంతులు ఎన్ని మిగిలాయి, ఎన్ని గాలిలో కలిసిపోయాయి అని తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టుంటుంది. ఇవాళ మీ అందరి జేబుల్లోనూ రికార్డు చేసే యంత్రం ఉంది. ఊరి నుంచి వచ్చిన మీ తాతగారికి వచ్చిన పద్యాలు ఈ వారమే చదివించి దాచండి.

ఆ తాతగార్ల గురించి, అమ్మానాన్నల గురించే నా ప్రతిపాదన. ఆరు నెలలు ఉండటానికి ఇక్కడికొస్తారు. మనం ఆఫీసులకి పోతాం, వాళ్ళు ఇంటి చుట్టూ వీధుల్లో నడిచి వస్తారు. పలకరించే మనిషి ఉండరు. మే మొదటి శనివారం వాళ్ళని తీసుకుని రండి. మధ్యాహ్నం ఒంటిగంటకి లాబిరింత్ దగ్గర కలుద్దాం. ముందుగా ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు, నేను కూడా ఇవ్వను. ఒకరి వెనక ఒకరు, ముందు మనిషి ఒక మలుపు తిరిగాక రెండోవారు అడుగుపెడితే సరిపోతుంది. వేగం ఎవరిది వారిదే. దాటి వెళ్ళాలనిపిస్తే పక్కనుంచి దాటండి, తప్పు లేదు. ఎదురొచ్చినవాళ్ళకి చోటివ్వండి. చేతికర్ర ఉన్నవాళ్ళకీ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకీ గ్రేస్ కెథెడ్రల్ నేల అనుకూలం. సిబ్లీలో మట్టిదారి, ఎత్తుపల్లాలు, వాళ్ళకి కష్టం. నడవలేనివాళ్ళ కోసం చెక్క మీద గాడిలా చెక్కిన చిన్న లాబిరింత్‌లు ఉంటాయి, వేలితో నడవొచ్చు. ఒకటి నా దగ్గర ఉంది, తెస్తాను.

నడక అయ్యాక పక్కనే ఎక్కడైనా కూర్చుని కవితలు చదువుకుందాం. మూడు నియమాలు పెట్టుకుందామని నా మనవి. ప్రతివారూ ఒక కవిత చదవాలి, అది తమది కాకూడదు. లమాంటియా స్నేహితుడికి చేసిన పని మనం మనకిష్టమైన కవికి చేద్దాం. ప్రతి కవితనీ రెండుసార్లు చదవాలి, ఎవరూ "వన్స్ మోర్" అడక్కపోయినా సరే. చదివిన తర్వాత చప్పట్లకి ముందు ఒక్క ఊపిరి తీసుకునేంత సేపు అందరం ఊరుకోవాలి. పరిచయాలు లేవు, వేదిక లేదు. చివరి వ్యక్తి చదివేదాకా ఎవరూ లేవకూడదన్నది నియమం కింద పెట్టలేదు. నడిచి వచ్చినవాళ్ళకి ఆ మాట చెప్పనక్కర్లేదని నా నమ్మకం.

ఏ లాబిరింత్ దగ్గర కలవాలో ఇవాళే తేల్చుకుంటే మంచిది. పెద్దవాళ్ళు ఎంతమంది వస్తున్నారో దాన్ని బట్టి గ్రేస్ కెథెడ్రలా సిబ్లీనా అన్నది చూద్దాం. తలుపు దగ్గర కాగితం పెట్టాను. పేరు, కారులో ఇంకెన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో రాయండి. ఏ కవిత చదవబోతున్నారో కూడా రాస్తే ఇద్దరు ఒకటే తీసుకురాకుండా చూసుకోవచ్చు. తీసుకొచ్చినా ఫర్వాలేదు, రెండు గొంతుల్లో వింటాం. ఇప్పుడు ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.